చదువు వేరు, గ్రహింపు వేరు
(తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో పాఠశాల కట్టడమును గూర్చియు, పరీక్షా ఫలితములను గూర్చియు, చందాలను గూర్చియు మాటలాడుట పరిపాటి. ఆ సంగతులన్నియు కార్యదర్శిగారి నివేదికలో వచ్చినవి. మేము నేడు వేరొక విషయమును మీ ముందుంచ దలచితిమి. మన పిల్లలు చదువుచున్నారు. బిగ్గరగా, తడబాటు లేక, చక్కని కంఠముతో చదువుచున్నారు. కాని చదివిన దానిలో ఏమున్నదని అడిగినచో చెప్పలేకున్నారు. ఈ మాట కొంత కఠినముగా తోపవచ్చును. ఇది పిల్లలకు మాత్రమే చెందిన లోపము కాదనియు మేము చెప్పవలసియున్నది. పెద్దలమగు మన సంగతికి తరువాత వత్తుము.

ఈ విద్యాసంవత్సరారంభమున ఏడవ తరగతి పిల్లలకు ఒక చిన్న ప్రకటన వ్రాసి యిచ్చితిమి. అందున్నది ఇంతియే: శనివారమున వర్షము లేనియెడల ఆరవ, ఏడవ తరగతుల వారు గులాబీ తోటలు చూడబోవుదురు, చెప్పులు లేనివారు రారాదు, మధ్యాహ్న భోజనము పాఠశాలలోనే యుండును. తరగతిలోని 32 మందియు దీనిని చక్కగా చదివిరి. ఒక్క అక్షరమైనను తప్పిపోలేదు. పిమ్మట మూడు ప్రశ్నలు వేసితిమి. "వర్షము కురిసినచో ఏమగును?" అని అడుగగా సగమునకు మించినవారు "గొడుగు తెచ్చుకొనవలెను" అనిరి. "ఐదవ తరగతివారు పోవచ్చునా?" అనగా "మాస్టరుగారిని అడిగి పోవచ్చును" అనిరి. "భోజనమెచ్చట?" అనిన ప్రశ్నకు "తోటలో" అని పెక్కుమంది చెప్పిరి.

గొడుగు మాట ఆ ప్రకటనలో లేదు. ఐదవ తరగతి మాటయు లేదు. భోజనము పాఠశాలలోనే యని స్పష్టముగా వ్రాసియున్నది. అట్లని పిల్లలు అసత్యమాడినారని కాదు. వర్షమనగానే వారికి గొడుగు తోచినది; తోట యనగానే వనభోజనము తోచినది. తోచిన దానినే చదివిన దానిగా భావించిరి. కాగితము మీది మాటకును తలలోని మాటకును నడుమనుండవలసిన గట్టు తెగిపోయి, ఈ మడినీరు ఆ మడిలోనికి పారినది.

ఈ జాడ్యము నేటిది కాదు, మన యూరిది మాత్రమే కాదు. అమెరికా దేశమున థార్న్‌డైక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1917లో ఒక పరిశీలన ప్రకటించెను. పిల్లలచే చిన్న పేరాలు చదివించి, ప్రశ్నలు వేసి, వచ్చిన తప్పు జవాబులను ఏరి పరిశీలించెను. ఆ పేరాలలో నొకటి బడికి హాజరగుటను గూర్చిన నియమము. ఏ వయస్సు పిల్లలు తప్పక రావలెను, ఏ కారణములున్న రాకుండవచ్చును అనునది అందలి విషయము. పేరా కన్నుల యెదుటనే యున్నది. ఎన్ని మారులైనను తిరిగి చూచుకొనవచ్చును. అయినను పలువురు అందులో లేని సంగతులను వ్రాసిరి. ఆయన కనుగొన్న దేమనగా, వాక్యములోని ఒకానొక మాట పాఠకుని మనస్సున మితిమీరిన బలము పొంది తక్కిన మాటలను అణచివేయుచున్నది. మరికొన్ని మాటలు తమకు ఉండదగిన బలమును పొందకున్నవి. చదువుట యనగా మాటలను వరుసగా మ్రింగుట కాదనియు, లెక్క సాధించునప్పటి యాలోచన వంటిదే యనియు, ప్రతి మాటను దాని తూకము చొప్పున నిలుపవలెననియు ఆయన యభిప్రాయము. మన ఏడవ తరగతిలో 'వర్షము' అను మాట బలిసి, 'లేనియెడల' అను మాట చిక్కిపోయినది. నూరేండ్లు దాటినను ఆయన చెప్పినది మన బల్లల మీద కనబడుచున్నది.

ఇక్కడ తెలుగు లిపిని గూర్చి ఒక మాట. మన లిపి బహు సుకరమైనది. గుణింతములు, ఒత్తులు నేర్చినచో ఎట్టి మాటనైనను పలుకవచ్చును. ఇది మన భాగ్యమే. కాని అందుచేతనే ఒక చిక్కు పుట్టుచున్నది. ఇంగ్లీషులో అర్థము తెలియని మాట వచ్చినచో పిల్లవాడు దానిని పలుకుటకు కూడ తడబడును. ఆ తడబాటు వలన వానికి తెలియలేదని మనకు పట్టువడును. తెలుగులో అర్థము తెలియని మాటను కూడ పిల్లవాడు గడగడ చదివివేయును. విన్న తల్లి సంతసించును, విన్న ఉపాధ్యాయుడు తరువాతి పిల్లవానిని లేపును. తెలియమి దాగిపోవును. కంఠము బాగున్న పిల్లల యందు ఈ లోపమును కనుగొనుట మరియు కష్టము.

1986లో గాఫ్, టన్మర్ అను ఇరువురు పరిశోధకులు చదువును గూర్చి ఒక సులభమైన సూత్రము చెప్పిరి. అక్షరములను మాటలుగా గుర్తించు శక్తి ఒకటి. మాటలు వినినచో అర్థము చేసికొను శక్తి ఒకటి. చదివి గ్రహించుట యనునది ఈ రెంటి మొత్తము కాదు, ఈ రెంటి హెచ్చవేత. ఎక్కములు తెలిసిన వారికి ఇందలి భేదము వెంటనే బోధపడును. కూడికలో ఒకటి సున్న యైనను రెండవది మిగులును. హెచ్చవేతలో ఒకటి సున్న యైనచో మొత్తము సున్నయే. మాటలు తెలియని భాషలో ఎంత గడగడ చదివినను ఫలము సున్న. పిల్లలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చగోరు తల్లిదండ్రులు ఈ హెచ్చవేతను ఒకసారి మనస్సున వేసికొనవలెనని మా మనవి. ఇంగ్లీషు వలదని మేము చెప్పుట లేదు; అది రావలెను, బాగుగా రావలెను. తెలిసిన భాషలోనే చదివినది గ్రహింపని పిల్లవాడు తెలియని భాషలో ఎట్లు గ్రహించును అనునదే మా ప్రశ్న.

దేశమునందలి స్థితియు మనకంటె మెరుగుగా లేదు. పల్లెలలో ఏటనో, రెండేండ్లకో జరుగు 'అసర్' పరిశీలన ప్రకారము 2018లో ఐదవ తరగతి పిల్లలలో రమారమి సగముమంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. బడులు మూతపడిన కరోనా కాలము తరువాత 2022లో ఆ సంఖ్య నూటికి 43కు చేరువగా దిగజారెను. అదియు ముఖ్యముగా చదువగలుగుటను గూర్చిన కొలతయే. 2009 వరుసలోని 'పిసా' అను అంతర్జాతీయ పరీక్షలో మన తమిళనాడును హిమాచల్ ప్రదేశును పాల్గొనెను. 15 ఏండ్ల పిల్లలకు పెట్టిన ఆ పరీక్షలో చదివి గ్రహించుట ఒక ముఖ్యాంశము. 2011లో వెలువడిన ఫలితములలో మన రెండు రాష్ట్రములును పట్టికకు దాదాపు అట్టడుగున నిలిచెను. అంకెలు ఇంతటితో చాలును.

సరిహద్దున నున్న మన పిల్లలకు మరియొక చిక్కు కలదు. పుస్తకములో 'ఉల్లిపాయ' యని యుండును; ఇంట అమ్మ 'ఎర్రగడ్డ' యనును; అంగడివాడు 'వెంగాయము' అనును. పుస్తకములో 'వేరుశనగ', ఇంట 'చెనిక్కాయ', కన్నడము మాటలాడు పొరుగింట 'కడలెకాయి'. వస్తువొకటే యని పెద్దలకు తెలియును. మూడవ తరగతి పిల్ల వేరుశనగ యనునది తానెన్నడును చూడని ఏదో దూరదేశపు గింజ యనుకొనును. ఇట్టివి కేవలము తెలియని మాటలు, అడిగి తెలిసికొనవచ్చును.

అంతకంటె ప్రమాదకరమైనవి తెలిసినట్లు కనబడు మాటలు. తెలుగున 'అవసరము' అనగా కావలసియుండుట. తమిళమునను కన్నడమునను అదే మాటకు తొందర యని అర్థము. "అవసరమైనచో రమ్ము" అని వ్రాసి పంపగా పరుగెత్తుకొని వచ్చిన పిల్లవానిని మేము చూచితిమి. వానికి అది "తొందరగా రమ్ము" అని తోచినది. తెలుగున 'ఆలస్యము' జాగు, కన్నడమున సోమరితనము. తెలుగు 'నల్ల' తమిళమున మంచి. తెలుగు 'మూడు' తమిళమున మూయుమను ఆజ్ఞ. ఇది మన ప్రాంతపు కష్టమే కాదు. బరంపురమునందలి మన వారి పిల్లలు తెలుగు పుస్తకములో 'శిక్ష' యని చదివి, ఒడియా చొప్పున విద్య యని భావింపవచ్చును. షోలాపురమునందలి వారు 'చరిత్ర' యనగా మరాఠీ చొప్పున ఒక పురుషుని జీవితకథ యనుకొనవచ్చును. తెలియని మాట వద్ద పిల్లవాడు ఆగును. తెలిసినదనుకొన్న మాట వద్ద ఆగడు. ఆగనిచోటనే కాలు జారును. ఇన్ని భాషల నడుమ పెరుగుట పిల్లలకు నష్టమని మాత్రము మేమనము. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత ఒకటవ తరగతి నుండియే తమిళము వచ్చుటచే, ఈ మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూపుటకు మాకు మంచి యవకాశము కలిగినది. ఎనిమిదవ తరగతి పిల్లలు అట్టి మాటలను ఏరి ఒక పట్టిక చేసిరి. అది వరండాలో వ్రేలాడుచున్నది. పోవునప్పుడు చూడగోరెదము.

పాఠములోని విషయముతో ముందే పరిచయముండుటకు కూడ గొప్ప బలము కలదు. 1988లో అమెరికాలో జరిగిన యొక పరిశీలనలో బేస్‌బాల్ ఆటను గూర్చిన కథను పిల్లలకిచ్చిరి. చదువులో వెనుకబడియు ఆట బాగుగా తెలిసిన పిల్లలు, చదువులో ముందుండియు ఆట తెలియని పిల్లలకంటె కథను బాగుగా గ్రహించిరి. మాకిది నిత్యానుభవము. గోదావరి మీది పడవలను గూర్చిన పాఠమున తెల్లమొగము వేయు పిల్లవాడే, రాగి పైరును గూర్చి చదివించినచో పుస్తకములో లేని తప్పును కూడ పట్టుకొనును! అందుచేత మా కోరిక యొకటి. మీరు సంతకు పోవునప్పుడు, పొలమునకు పోవునప్పుడు, తిరునాళ్ళకు పోవునప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని పొండు. పోవుచు ఊరక నడువక వస్తువుల పేర్లు తెలుగున చెప్పుడు. అది బడి మానుట కాదా యని కొందరడుగుదురు. సెలవు దినములనే పొండు. మేము హాజరు పట్టికను వదలువారము కాము.

తెలుగు వాక్యపు నడకను గూర్చియు కొంచెము చెప్పవలెను. మన వాక్యమునకు ప్రాణము తోకలో నుండును. చేయవలెను, చేయవలదు, ఈ రెంటికిని భేదమెంత? చివరి యక్షరములే కదా! వాక్యము సగము చదివి తక్కినది ఊహించువాడు తెలుగున కీడు పొందినంతగా మరియొక భాషలో పొందడేమో యని మాకు తోచును. 'ఈ క్రింది వానిలో సరికానిది గుర్తింపుము' అని పరీక్షలో నడిగిన, సరియైనదానిని గుర్తించి వచ్చు పిల్లలు ప్రతి తరగతిలోను కలరు. 'ఏవైన రెంటికి' అని యుండగా అన్నిటికిని వ్రాసి, కాలము చాలక చివరి పెద్ద ప్రశ్నను విడిచి వచ్చిన పిల్లలు కలరు. పాఠమంతయు వారికి వచ్చును. మార్కులు రావు. ఇంట మీరు వానిని సోమరి యందురు. వాడు సోమరి కాడు. ప్రశ్నను చివరివరకు చదువలేదు.

ఇప్పుడు పెద్దల సంగతి. కోపగింపవలదని ముందుగానే ప్రార్థించుచున్నాము.

గత సంవత్సరము సంఘము వారి యనుమతితో తల్లిదండ్రులకు ఒక లేఖ పంపితిమి. అది ఐదు వాక్యముల లేఖ. మూడవ తరగతి నుండి వారమునకు రెండు పీరియడ్లు ఇంగ్లీషు కథల పఠనమునకు కేటాయింపబడుననియు, బోధనా మాధ్యమము ఎప్పటివలె తెలుగే యనియు, ఇందుకు వేరు రుసుము లేదనియు, పుస్తకములను పాఠశాలయే ఇచ్చుననియు, అభిప్రాయములను పది దినములలో తెలుపవలెననియు అందు వ్రాసితిమి. వచ్చిన జవాబులను కార్యదర్శిగారును మేమును కూర్చుండి చదివితిమి. కొందరు "మన బడి ఇంగ్లీషు మాధ్యమమగుచున్నందుకు మిక్కిలి సంతోషము" అని వ్రాసిరి. మరికొందరు "పెద్దలు కష్టపడి నిలిపిన తెలుగును చంపుచున్నారు" అని వ్రాసిరి. కొందరు "రుసుము కట్టలేము" అనిరి. మాధ్యమము తెలుగే యను రెండవ వాక్యమును, రుసుము లేదను మూడవ వాక్యమును చూచినవారు ఎంతో తక్కువ.

ఆ పిమ్మట జరిగిన సభ మీకు జ్ఞాపకముండును. తెలుగును రక్షింపవచ్చినవారును, ఇంగ్లీషును స్వాగతింపవచ్చినవారును రెండు గంటలు వాదించుకొనిరి. ఇరుపక్షములవారును లేఖలో లేని దానిని గూర్చియే వాదించిరి. పక్షములు వేరైనను వారి చదువు ఒక్కటే: 'ఇంగ్లీషు' అను మాట కంటబడినది, తక్కినదంతయు తమ తలలో నున్నది. ఒకరి భయమునకు, ఒకరి యాశకు ఆ లేఖ గోడ వలె ఉపయోగపడినది. దాని మీద తమ బొమ్మలు వ్రాసికొనిరి. ఆ కలతలో ఇరువురు తల్లిదండ్రులు పిల్లలను వేరు బడికి మార్చిరి. ఇరువురే కదా యని మీరనవచ్చును. అల్పసంఖ్యాకుల బడిలో పిల్లల లెక్క తగ్గినచో ఉపాధ్యాయుని పదవి నిలుచుట కష్టము. పదవి పోయినచో తరగతి పోవును. కోపముతో వ్రాసినవారిని మేము తప్పుపట్టము. తమ పిల్లల యెడల ప్రేమ లేనివారు కోపగింపరు. కాని ఆ ప్రేమ రెండవ వాక్యము వరకు చదువనీయకపోయినది.

మరియొక యుదాహరణము మన సంఘములన్నిటికిని సంబంధించినది. రాజ్యాంగమునందలి 350-ఏ అధికరణము మన పిల్లలకు పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమమును హక్కుగా నిచ్చుచున్నదని సభలలో తరచుగా విందుము. విన్నపములలో కూడ అట్లే వ్రాయుచుందుము. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగిన 1956లో ఏడవ సవరణచే ఆ యధికరణము రాజ్యాంగమున చేరినది. అందున్న దేమి? భాషా అల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధనకు చాలినంత వసతి కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెననియు, అందులకై రాష్ట్రపతి ఆదేశములు ఇయ్యవచ్చుననియు అందున్నది. 'ప్రాథమిక దశ' అను రెండు మాటలను, 'ప్రయత్నింపవలెను' అను మాటను మన కన్ను దాటిపోయినది. విన్నపమును చదువు అధికారి వాటిని దాటిపోడు. మన కాగితమును ఆ రెండు మాటలతోనే త్రిప్పి పంపును. విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను హక్కు 30వ అధికరణమున నున్నది; అది భాషాల్పసంఖ్యాకులకును చెందును. అడుగవలసిన దానిని అచ్చట చూపి అడిగినచో వాదము నిలుచును. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము కర్ణాటకమునకు చెందిన వ్యాజ్యమున, ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమమును బలవంతముగా విధించుటకు రాష్ట్రమునకు అధికారము లేదని తీర్పు చెప్పినది. దీనిని కూడ కొందరు మాతృభాషా బోధనమునే న్యాయస్థానము కాదన్నదని చెప్పుచున్నారు. కాదన్నది బలవంతమును. ఎన్నుకొను స్వేచ్ఛ తల్లిదండ్రులగు మీ చేతిలో నున్నది. కనుకనే మీరు చదువు విధమును గూర్చి మేమింత మాటలాడవలసి వచ్చినది.

మన పూర్వులు ఈ విషయమున మిక్కిలి జాగరూకులు. శాస్త్రవాదమున ఎదుటివాని మతమును ముందు పూర్వపక్షముగా నిలిపి, ఆ తరువాతనే ఖండించి సిద్ధాంతము చెప్పుట మర్యాద. నేడు 'అనువాదము' అనగా ఒక భాష నుండి మరియొక భాషకు మార్చుట యను అర్థము రూఢమైనది. పూర్వమందు చెప్పబడిన దానిని మరల చెప్పుట యనియే అర్థము. కాళిదాసు కావ్యములకు వ్యాఖ్య రచించిన కోలాచలము మల్లినాథసూరి మన మెదకు సీమవాడని ప్రసిద్ధి. మూలములో లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని చెప్పననియు ఆయన ముందుగానే నియమము పెట్టుకొనెను. కాళిదాసు వంటి కవిని చేతబట్టుకొని తన పాండిత్యమును ప్రదర్శింపక, కవి చెప్పినదానినే చెప్పుట యెంతటి నిగ్రహము! మన పాత తెలుగు బోధనయందలి అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము అను వరుస కూడ ఇందులకే పుట్టినది. మొదట ఏ మాట దేనితో కూడునో చూచుట, పిదప ఒక్కొక్క మాటకు అర్థము చెప్పుట, కడపట అంతయు కలిపి సొంత మాటలలో చెప్పుట. నేడు తాత్పర్యమును అంగడిలో గైడు పుస్తకమున కొనుచున్నాము. కొనిన తాత్పర్యము పరుల నోటి ముద్ద. పిల్లవాని పంటికి పని లేదు. గైడులను మేము ద్వేషించుచున్నామని మీరు గ్రహించియుందురు. దాచము.

ఇక మా తరగతులలో చేయుచున్నది చెప్పెదము. జవాబు చెప్పిన పిల్లవానిని "ఎచ్చటనున్నది? వ్రేలు పెట్టి చూపుము" అని అడుగుచున్నాము. చూపగలిగినచో సరి, చూపలేనిచో అది వాని యూహ. ఊహ తప్పు కాదు, కాని దానికి వేరు పేరుండవలెను. తప్ప, మాత్రమే, వరకు, లేనియెడల, అయినను మొదలగు మాటలను హద్దు మాటలని పేరు పెట్టి, ఎర్ర సుద్దముక్కతో చుట్టు గీయించుచున్నాము. లెక్కల ఉపాధ్యాయులు కూడ ఈ యలవాటును తీసికొనిరి. భాషా పీరియడుకంటె లెక్కల పీరియడుననే దీని ప్రయోజనము ముందుగా కనబడినదని వారు చెప్పుచున్నారు. పై తరగతులలో చర్చ జరుగునప్పుడు ఒక నియమము కలదు: ఎదుటివాడు చెప్పిన దానిని వాడు ఔనను విధముగా తిరిగి చెప్పిన పిమ్మటనే ఆక్షేపింపవలెను. మొదట చర్చలు చప్పబడిపోయినవి. తిరిగి చెప్పునప్పటికే సగము తగవులు తీరిపోయినవి! ఇప్పుడు మిగిలినవి నిజమైన తగవులు.

ఇంట మీరు చేయదగినది కొంచెమే. మీలో పలువురు తమిళములోనో కన్నడములోనో చదువుకొన్నవారనియు, తెలుగు మాటలాడుదురే కాని చదువలేరనియు మాకు తెలియును. కొందరు తల్లులు ఈ సంగతి చెప్పుటకు సిగ్గుపడుచున్నారు. సిగ్గుపడ నక్కరలేదు. దీనికి మీరు చదువనక్కరలేదు, వినినచో చాలును. రాత్రి భోజనమైన పిమ్మట పావుగంట కూర్చుండుడు. పిల్ల ఒక పేరా చదువును. పుస్తకము మూసి అందున్నది చెప్పును. మీరు ఒక్క ప్రశ్న వేయుడు: "అది పుస్తకములో నున్నదా, నీవనుకొన్నదా?" పిల్ల పుస్తకము తెరచి చూచుకొనును. అంతే. తప్పు చెప్పినదని తిట్టవలదు. తిట్టినచో రేపటి నుండి ఊరక చదివి లేచిపోవును.

పాఠ్యపుస్తకమే కానక్కరలేదు. విత్తనముల పొట్లము మీది వ్రాత, పెండ్లి శుభలేఖ, ఎరువు సంచి, మందుల చీటి, ఇవన్నియు మంచి పాఠములే. ఏ భాషలో నున్నను సరే. నగలు కుదువబెట్టిన కాగితమున 'గడువులోగా చెల్లింపనిచో' అను మాటను చదివి, గడువెప్పుడో తండ్రికి జ్ఞాపకము చేసిన తొమ్మిదవ తరగతి బాలిక మన బడిలోనే యున్నది. ఆమె పేరు చెప్పము, ఆమెకిష్టముండదు. ఆ కుటుంబమునకు నగలు మిగిలినవి.

వచ్చు నెల మొదలుకొని శుక్రవారము సాయంకాలము నాలుగున్నర నుండి ఐదున్నర వరకు గ్రంథాలయపు గది తల్లిదండ్రుల కొరకు తెరచియుండును. పిల్లలతో కలిసి వచ్చి పై చెప్పిన విధమును అచ్చటనే అభ్యసింపవచ్చును; ఉపాధ్యాయులలో ఒకరు తోడుందురు. రుసుము లేదు. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క వారము నిర్ణయింపబడినది. ఆ జాబితాను ద్వారము కడ అంటించితిమి. మూడవ తరగతికిని నాలుగవ తరగతికిని వారములు వేరు, ఐదవ తరగతివారికి మాత్రము వేళ కూడ వేరు. పోవునప్పుడు చివరి వరుస వరకు చదివికొని పొండు.